కొత్తపాటకు దారిబత్తెము

పాటను కట్టుట యొక విద్య, కట్టిన పాటను నలుగురి చెవిని వేయుట మఱియొక విద్య. మొదటిదానిని నేర్పుటకు గురువులు కలరు, పాఠశాలలు కలవు, పరీక్షలును కలవు. రెండవదానిని మాత్రము ప్రతి గాయకుడును తనంతట తానే తడవుకొనుచు నేర్చికొనవలసియున్నది. చిత్రసీమతో సంబంధము లేక, పెద్ద సంస్థల యండ లేక, తన చేతి సొమ్ముతో నొక గీతమును రికార్డు చేయించుకొని లోకము మీదికి వదలు యువకుడు ఆదోనిలోనో ఎమ్మిగనూరిలోనో ఉన్నయెడల, స్వరతాళముల చిక్కులన్నియు తీఱిన పిమ్మట అతని యెదుట నిలుచు ప్రశ్న యొక్కటియే: ఈ పాట యెవరికి, ఏ దారిని, చేరవలెను? మంచిపాటయైనచో దానంతటదియే పోవును, చెడ్డదైనచో ఎంత చాటినను నిలువదని పెద్దలు సెలవిత్తురు. ఆ మాటలోని రెండవ సగమును నేనంగీకరింతును, మొదటి సగమును అంగీకరింపజాలను. మంచిపాట దానంతటది పోయిన దాఖలా మన చరిత్రలో నాకెచ్చటను కనబడలేదు. నిలిచిన ప్రతి పాట వెనుకను దానిని మోసికొనిపోయిన కాళ్లు కలవు.

తాళ్లపాక అన్నమాచార్యుని సంకీర్తనములకంటె మంచిపాటలు తెలుగున ఎన్ని దొరకును? 1408లో జన్మించి 1503లో పరమపదము చేరిన ఆ మహానుభావుని పదములను అతని వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల కోవెలలోని యొక యరలో పదిలపఱచిరి. రేకులు చెడలేదు, అక్షరములు చెరగలేదు. అయినను శతాబ్దములపాటు ఆ పాటలలో అధికభాగము లోకుల నోట వినబడలేదు. గత శతాబ్దిలో అవి వెలికివచ్చినప్పుడు రేకులపై రాగము పేరు మాత్రముండెను గాని ఆ రాగమును నడపు స్వరము లేకుండెను. అనంతపురము జిల్లాలోని రాళ్లపల్లిలో జనించిన అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు కూర్చుండి స్వరరచన చేసిన తరువాతను, గాయకులు వానిని కచేరీలకును ఆకాశవాణికిని కొనిపోయిన తరువాతను గదా ఆ పాటలు మరల మన యిండ్లలోనికి వచ్చినవి! అన్నమయ్యకే యింతకాలము పట్టినప్పుడు, నేటి యువకుడు తన పాటను అంతర్జాలమున ఎక్కించి, ఇక నా పని తీఱినదని చేతులు ముడుచుకొనుట యెట్లు చెల్లును? ఎక్కించుట యనగా రాగిరేకుపై చెక్కి అరలో నుంచుటయే. ఆ యరలోనికి నేడు ప్రపంచమంతటినుండి దినమునకు సుమారు లక్ష కొత్తపాటలు వచ్చి పడుచున్నవి.

ఎమ్మిగనూరు నేతకారుల యింట పుట్టి, తన పాటలు తానే కట్టి పాడుకొను యువకు డొకడు నాకు పరిచితుడు. కొత్తపాట వెలువడిన దినమున నాయొద్దకు వచ్చి, అప్పు అడుగువానివలె గొంతు తగ్గించి, “పాట పంపినా సార్, రోంత ఇని చెప్పండి, నచ్చితే నలుగురికి పంపండి” అనెను. పాట పాడునప్పుడు మూడవ కాలమున నిస్సంకోచముగ నిలుచు ఆ కంఠము ఈ చిన్న ప్రార్థన చేయునప్పుడు కుంచించుకొనిపోవుట చూచి నా మనస్సు చివుక్కుమన్నది. తన సరుకును తానే పొగడుకొనుట తప్పని మనము పిల్లలకు నేర్పుదుము, మంచిదే. కాని వినుమని యడుగుటయు పొగడుకొనుటయు ఒక్కటే యని యెవరు నేర్పిరో తెలియదు. ఆ సిగ్గు ఈ సీమ సంప్రదాయములోనిది మాత్రము గాదు. ఎందువలననగా, ఈ సీమలో పాడువారు గడపగడపకును పోయి వినుమని యడిగియే పాడిరి.

ఎమ్మిగనూరునకు సమీపమున తుంగభద్ర యొడ్డున మంత్రాలయము కలదు. వీణావిద్వాంసుల వంశమున బుట్టిన రాఘవేంద్రస్వామి 1671లో అచట బృందావనప్రవేశము చేసిరి. అప్పటి ఆదోని పాలకుడైన సిద్ది మసూద్ ఖాను ఆ గ్రామమును స్వామికి సమర్పించెనని ఈ ప్రాంతమున తరతరములుగ చెప్పుకొందురు. నది కావలి గట్టున, నేటి రాయచూరు జిల్లాలో, హరిదాసులైన చీకలపర్వి విజయదాసులు, మొసరకల్లు గోపాలదాసులు, మాన్వి జగన్నాథదాసులు వర్ధిల్లిరి. విజయదాసుల కాలము 1682 మొదలు 1755 వఱకు. వీరి పాటలు సభామండపములలో పుట్టి సభామండపములలోనే ఆగినవి గావు. కాలికి గజ్జె కట్టి, ఒక చేత తంబురను మఱియొక చేత చిడతలను ధరించి, వీథివీథిని పాడుచు భిక్షాన్నముతో జీవించుట దాసులకు వ్రతము. పాడుట యెంత సాధనయో పాటతో నడచుటయు అంత సాధన. పెట్టినవారి వాకిట పాడిరి, పెట్టనివారి వాకిటను పాడిరి. ఆ పాటలు కన్నడమునవి. నదికి ఈవలనున్న తెలుగిండ్లలోని ముత్తైదువలు వానిని విని విని నేర్చి, తమ పూజామందిరములలో పాడుకొనిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు ఆదోని బళ్లారి జిల్లాలోని తాలూకా యగుటచే, రెండు భాషల నడుమ ఇచట గోడ లేదు. మతముల నడుమను అంతియే: పీర్ల పండుగ దినములలో అలావ యను అగ్నిగుండము చుట్టు తిరుగుచు పాడువారిలో ఏ మతమువారు లేరని చెప్పగలము? పాట యొక భాష గడప దాటి మఱియొక భాష యింట కాపురముండుట ఈ సీమకు క్రొత్త గాదు.

దాసులు పాటించిన మఱియొక నియమము నేటి గాయకునకు కంఠహారము వలె ధరింపదగినది. గురువు శిష్యున కొక యంకితనామము నొసగును. ప్రతి పదము కడపటి చరణమునను ఆ నామము వచ్చి తీరవలెను. విజయవిఠల యనగానే పాట విజయదాసులదని పొలములో కలుపు తీయు స్త్రీకిని తెలియును. తాళపత్రము పోయినను, పాడినవాడు మరణించినను, పాట ఊళ్లు మారి భాషలు మారినను కర్త పేరు పాటలోనే కూర్చుండి ప్రయాణము చేయును. 1902లో కలకత్తాలో మనదేశపు తొలి గ్రామఫోను పలకల కొఱకు పాడిన గాయని గౌహర్ జాన్ పాట ముగిసిన వెంటనే తన పేరును ఆంగ్లమున బిగ్గఱగ ప్రకటించెడిది. జర్మనీలోని హానోవరులో పలకలను అచ్చు వేయు పనివారికి పాడినదెవరో తెలియుటకై ఆ యేర్పాటు. దూరదేశపు యంత్రమున కప్పగించునప్పుడు సైతము తన పేరును పాటనుండి వేఱుపడనీయని ఆ జాగరూకత నాకు మిక్కిలి గౌరవపాత్రముగ తోచును. నేడు ప్రతి రికార్డునకును పండ్రెండు అక్షరాంకములు గల ఐఎస్ఆర్‌సీ సంకేత మొకటి యిత్తురు. యంత్రములు దానిని చదువుకొనును. మనుష్యులు చదువుకొనుటకు మాత్రము రచయిత పేరు, బాణీ కట్టినవాని పేరు, డోలకు వాయించినవాని పేరు తెలుగక్షరములలో వ్రాసి పాటతో పంపవలెను. గాయని పేరు మాత్రము వేసి తక్కినవారిని చీకటిలో నుంచిన పాటను నేను సగము పాటగ భావింతును.

కొత్తపాటను ప్రచారము చేయు పద్ధతులలో నేటివి కొన్ని యంత్రముల స్వభావమును బట్టి యేర్పడినవి. స్పాటిఫై వంటి వేదికలపై ముప్పది సెకనులు విన్నప్పుడే పాట విన్నట్లు లెక్క. అందుచే ఆలాపనమునకు చోటు తగ్గి, పల్లవి పరుగుపరుగున ముందునకు వచ్చుచున్నది. దీనిని చూచి సంగీతమే నశించినదని విలపించువారితో నేనేకీభవింపను. నాటి గ్రామఫోను పలక యొక ప్రక్కకు మూడు నాలుగు నిమిషములకు మించి పట్టెడిది కాదు. రాత్రి తెల్లవార్లు సాగు నాటకములలోని పద్యరాగములు ఆ మూడు నిమిషములలో నిమిడి ఊరూర మ్రోగలేదా? ఇఱుకు గది యైనను కాపుర మేర్పఱచుకొనువారు ఏర్పఱచుకొందురు. విడుదలకు కనీస మేడు దినములు ముందుగ పాటను వేదికవారికి నివేదించుట, ముఖచిత్రమును చక్కగ చేయించుట, పాటలోని పదునైన చరణమును చిన్న దృశ్యముగ తీసి పంపుట, ఇవన్నియు చేయదగినవే, శ్రద్ధగ చేయవలెను. ఇది పనియే గాని పాపము గాదు.

అయినను తెలుగున కొత్తపాటను లోకమున కందించుటకు కనిపెట్టబడిన ఉపాయములలో నన్నడిగినచో ఆకాశవాణివారి ‘ఈ మాసపు పాట’ను మించినది లేదు. ఒక లలితగీతము నెన్నుకొని, గురువు పాదము పాదముగ పాడి, శిష్యులచే పలికించి, తప్పినచో దిద్ది, మరల పలికించి, వారము వెంట వారము శ్రోతలకు నేర్పెడివారు. పాలగుమ్మి విశ్వనాథముగారి వంటివారు నేర్పిన లలితసంగీతపాఠములను విని, రేడియో ప్రక్క కాగితము కలము పెట్టుకొని సాహిత్యము వ్రాసికొన్న గృహిణు లెందఱో! ఆ నెల గడచునప్పటికి పాట విన్నవారి నోటికి వచ్చియుండెడిది. బడిలో ఆగస్టు పదునైదునను, పెండ్లిలో బంతులాట నాడును, పేరంటమునను అదే పాట. శ్రోతను వినువానిగ మాత్రమే యుంచక పాడువానిగ చేయుట, ఇందున్న రహస్య మదియే. నేటి ప్రచారములో నాకు కనబడు లోప మొక్కటి: వినుమని యడుగుచున్నారు గాని నేర్చుకొనుమని యెవరును అడుగుట లేదు.

ఆదోని పరిసరములలో నేర్చుకొనువారికి కొదువ లేదు. పల్లెపల్లెకు భజనబృందములు కలవు. చెక్కభజన గురువులు ఒక ఊరినుండి మఱియొక ఊరికి పోయి పిల్లలకును పెద్దలకును అడుగులు నేర్పుదురు. కొత్తపాటను వేదికలపై ఎక్కించుటకు ముందే రెండు మూడు బృందములకు నేర్పి, వారి అడుగునకు తగినట్లు లయను సవరించుకొనిన గాయకునకు కలుగు లాభము ఏ ప్రకటనవలనను కలుగదు. పుష్యమాసమున ఎమ్మిగనూరి నీలకంఠేశ్వరస్వామి జాతర జరుగును. రథము కదలు దినమున చుట్టుప్రక్కల మండలములు సగము అచటనే యుండును. దసరా రాత్రి దేవరగట్టు కొండకు జనము పోవును. శ్రావణమున మంత్రాలయమున ఆరాధనోత్సవములు. పంటకాలమున ఆదోని మార్కెట్టు యార్డులో పత్తి తెచ్చిన రైతులు వేలము పాటకై గంటలకొలది నిరీక్షింతురు. వారితో హమాలీలు, దలారీలు, టీకొట్టువారు. వీరందఱి జేబులలోను ఫోన్లు కలవు. 2016లో జియో వచ్చినది మొదలు చౌకయైన డేటా ఈ బీదసీమకును అందినది. కాని ఆ ఫోన్లలో మ్రోగునవి చాలవఱకు హైదరాబాదు చలనచిత్రముల పాటలే గాని, ఈ యార్డును గూర్చి, ఈ నల్లరేగడిని గూర్చి, ఈ యూరి మాటతో కట్టిన పాటలు గావు.

మఱియొక దారి నేను బరువైన హృదయముతో చెప్పుచున్నాను. వానలు తప్పినప్పుడు, పంట పని అయిపోయినప్పుడు, కోసిగి, కౌతాళము, హొళగుంద, పెద్దకడబూరు ప్రాంతముల కుటుంబములు మూటముల్లె కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, గుంటూరు సీమలో మిరపకాయలు కోయుటకును పత్తి తీయుటకును సుగ్గికి, అనగా వలసకూలికి, పోవుదురు. ఇంటికి తాళము, ముసలివారు వాకిట కాపలా. నెలల తరబడి పొలము గట్లపై గుడారములలో నుండు ఆ జనులకు సాయంకాలమున తోడు ఫోనులోని పాటయే. ఈ వలసజీవుల నోట పడిన పాట కర్నూలు జిల్లా ఎల్ల దాటి కృష్ణ యొడ్డు చేరును, అచటి కూలీల నోట పడును, తిరుగు లారీలో మరల వచ్చును. దాసులు కాలినడకన చేసిన ప్రయాణమును నేడు వీరు చేయుచున్నారు. పశ్చిమ కర్నూలు గాయకుడు తన పాట నెవరి కిచ్చి పంపవలెనని యడిగినచో, ముందుగ వీరి చేతి కిమ్మందును. వీరిని గూర్చి పాడవలెనని గాని, వీరి దుఃఖమును అమ్ముకొనవలెనని గాని నా యుద్దేశము గాదు. వీరు పాడుకొనుటకు తగిన పాట, పని నడుమ ఊపిరి తీసికొనుటకు వీలైన పాట, కట్టవలెను.

పండుగ యింకొక దారి. అందుకు పొరుగున గాయని మంగ్లీ ఉదాహరణము కలదు. గుత్తి ప్రాంతపు లంబాడీ తండాలో పుట్టిన ఆమె చిత్రములలో పేరు పొందకమునుపే, బతుకమ్మకును, సంక్రాంతికిని, శివరాత్రికిని పండుగపాటలు పాడి యూట్యూబు ద్వారా తెలుగుదేశమంతటను ఇంటింటి మనిషి యైనది. పండుగను బట్టుకొన్న పాట కొక విశేషము కలదు. ఒక వారము మ్రోగి మఱచిపోబడినను, ఏడాది తిరిగి అదే తిథి వచ్చునప్పటికి దానిని మరల వెదకువారు పుట్టుదురు. ప్రకటనలకు ధనము వ్యయము చేయనక్కఱలేకయే పంచాంగము దానిని జ్ఞాపకము చేయును. సీమమాట మొఱకుదని, అందఱకు నచ్చదని భయపడువారు గాయకుడు పెంచలదాసును చూడవలెను. 2018లో ‘కృష్ణార్జునయుద్ధము’ చిత్రమున ఆయన సీమయాసతో పాడిన పాట కోస్తాలోను తెలంగాణములోను ఒక్కతీరున మ్రోగినది.

ఇక స్వాతంత్ర్యమను మాటకు వత్తును. ఏ సంస్థకును లోబడనివాడు స్వతంత్ర గాయకుడు, సరియే. కాని వ్రాయుట, బాణీ కట్టుట, పాడుట, రికార్డు చేయించుట, చిత్రము తీయుట, పంపుట, లెక్కలు చూచుకొనుట, అడిగినవారికి బదులు చెప్పుట, ఇవన్నియు ఒక్కని నెత్తిన పడినప్పుడు ఆ స్వాతంత్ర్యము ఒంటరితనముగ మారును. ఇట్టి యొంటరితనమును ఎమ్మిగనూరు ఒకప్పుడు చక్కగ గుర్తెఱిగి మందు కనిపెట్టినది. మగ్గము గుంటలో కూర్చుండి అద్భుతమైన వస్త్రమును నేయగల సాలెవాడు నూలు కొనునప్పుడు ఒంటరి, అమ్మునప్పుడు ఒంటరి. నేయుట తెలిసినవానికి అమ్ముట తెలియకపోవుటయే అతని దారిద్ర్యమునకు మూలమని కనుగొని, మాచాని సోమప్పగారు 1938లో ఎమ్మిగనూరు నేతకారుల సహకార సంఘమును స్థాపించిరి. నూలు సంఘ మిచ్చెడిది, గుడ్డ సంఘము కొనెడిది, ఊరి పేరుతో దూరప్రాంతముల అంగళ్లలో సంఘమే అమ్మెడిది. మగ్గము మాత్రము నేతగానిదే, చేతినేర్పు అతనిదే. ఆ సేవకు గుర్తుగ 1954లో సోమప్పగారికి పద్మశ్రీ పురస్కారము లభించెను. ఒక చిన్న పట్టణము చేసిన యీ యాలోచన సంగీతమునకు పనికిరాదని యెవరనగలరు? ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు ప్రాంతముల రచయితలును, గాయకులును, వాద్యకారులును కలిసి ఒక సంఘముగ నేర్పడి, రికార్డు చేయుట కొక గదిని, చిత్రము తీయుట కొక కెమెరాను, లెక్కలు చూచుట కొక నమ్మకస్థుని ఏర్పఱచుకొని, ఒక్కొక్కరి కొత్తపాటను తక్కినవారందఱును తమ పాటవలె మోసినచో, ఎవని స్వాతంత్ర్యమునకును భంగము కలుగదు. పది గొంతులు ఒక పాటను చాటుట, ఒక గొంతు తన్ను తాను చాటుకొనుటకంటె వినసొంపుగ నుండును.

సొమ్ము సంగతి దాచిపెట్టుట న్యాయము గాదు. పండ్రెండు నెలలలో వేయిసారులైన వినబడని పాటకు 2024 నుండి స్పాటిఫై రికార్డు ప్రతిఫల మీయదు. యూట్యూబు ప్రకటనలలో పాలు కోరువానికి వేయిమంది చందాదారులును, ఏడాదిలో నాలుగువేల గంటల వీక్షణమును, లేదా చిన్న దృశ్యములకు మూడునెలలలో కోటి వీక్షణములును ఉండవలెను. వేదికలలో చాలవఱకు శ్రోతలు చెల్లించిన సొమ్మంతయు ఒక రాశిగ పోసి, మొత్తము వినికిడిలో నెవరి పాలెంతయో చూచి పంచుటచే, ఎమ్మిగనూరి శ్రోత చెల్లించిన రూపాయి ఎమ్మిగనూరి గాయకునికే చేరునన్న నమ్మకము లేదు. ఈ యంకెలను చూచి దిగులుపడి, వీక్షణములు కొని యిత్తుమను దళారులకు పుస్తెలు తాకట్టు పెట్టిన సొమ్ము ధారపోయు పిల్లలు కలరు. యంత్రములు విన్నట్లు నటించిన పాటను మనుష్యు లెవరును విననట్లే. పైగా కనిపెట్టినచో వేదికవారు పాటనే తీసివేయవచ్చును. ఆ దారి త్రొక్కవలదని నేను చేతులు జోడించి ప్రార్థించుచున్నాను. ఆ ధనముతో డోలకు వాయించువాని ఋణము తీర్చుట మేలు. 1957 నాటి కాపీరైటు చట్టమును 2012లో సవరించి, పాట రచయితకును స్వరకర్తకును ప్రతిఫలములో సమాన భాగము పొందు హక్కును, వ్రాసియిచ్చినను పోనిదిగ, కల్పించిరి. పాటల ప్రతిఫలమును వసూలుచేసి పంచుచు 1969 నుండి పనిచేయుచున్న ఐపీఆర్ఎస్ సంస్థలో రచయితలును స్వరకర్తలును సభ్యులు గావచ్చును. స్నేహితులమధ్య కాగితమేల యని యుపేక్షింపక, ఎవరి పాలెంతయో పాట వెలువడకమునుపే వ్రాసికొనినచో స్నేహము నిలుచును.

చదువరులకు నాదొక విన్నపము. మీ యూరి గాయకుడు కొత్తపాట పంపినప్పుడు, తీరిక చేసికొని, తుదివఱకు వినుడు. నచ్చనిచో ఏది నచ్చలేదో అతనికే చెప్పుడు. నచ్చినచో రచయిత పేరును, బాణీ కట్టినవాని పేరును, పాడినవాని పేరును వ్రాసి, దూరమున నున్న మీ బంధువులకు పంపుడు. బెంగళూరులో నున్న తమ్మునికి, గుంటూరు పొలములలో నున్న వదినకు, గల్ఫులో నున్న అల్లునికి. ఇంట పెండ్లి జరుగునప్పుడు అతనిని పిలిచి పాడించి, తాంబూలముతో పాటు తగిన పైకమును చేతిలో పెట్టుడు. పిల్లలకు అతని పాట నొక్కటి నేర్పుడు.